రెండో దెబ్బ మీద

బయటికి వెళ్లేవాళ్లను వెనక నుంచి పిలవకూడదని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. "ఎక్కడికి" అని అసలే అడగకూడదు. అంతగా తెలుసుకోవాలనుంటే ఎదురుగా వచ్చి "ఎందాకా" అనాలి. ఇంత నూరిపోసిన మనిషే, నేను మొదటిసారి గల్ఫుకి బయల్దేరి ఆటో ఎక్కబోతుంటే, ఆవకాయ సీసా మర్చిపోయానని వెనక నుంచి కేకేసింది. పనికి కుదిరిన ఆ మొదటి ఇంట్లో నేను పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. తిరిగి రాజోలు వెళ్లాక ఆవిడని కూర్చోబెట్టి కడిగేశాను. అప్పటి నుంచి కొంప మునిగినా సరే, వెళ్లే మనిషిని వెనక నుంచి పిలవలేదు.

అందుకే ఆ మధ్యాహ్నం, ఇప్పుడు నేను పనిచేస్తున్న ఇంటి ఆశీర్వాదం తాతగారు గేటు దగ్గర కనిపించినప్పుడు నోరు మూసుకున్నాను.

వంటింటి కిటికీలోంచి చూశాను. నల్ల కోటు వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. చేతిలో ట్రంపెట్ పెట్టె ఉంది. నాకు వీపు పెట్టి, గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బయట కారు ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఆయన కోడలు షీబా మేడమ్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చినట్టుంది, చర్చిలో ఏదో ఫంక్షన్‌కి తీసుకెళ్తోంది కాబోలు అనుకున్నాను. ఆయన చాలాసేపే అలా నిలబడ్డాడు. ఇంతసేపు దేనికీ అనిపించి, పిలుపు నోటిదాకా వచ్చింది. మింగేశాను. శుభమా అని కోటేసుకుని వెళ్తుంటే నా నోరెందుకు అడ్డం అనుకుని బెండకాయల మీద పడ్డాను.

కూర పొయ్యి మీద పడేసి, బల్ల తుడుద్దామని హాల్లోకి వెళ్తే, బల్ల మీద ఆయన చెవి మిషను ఉంది. అది లేకుండా మేడమ్ ఆయన్ని గుమ్మం దాటించదు. మేడమ్‌కి ఫోన్ చేసి, తాతగారి మిషను ఇంట్లోనే మర్చిపోయారండీ అని చెప్పబోతుండగానే ఆవిడ, పప్పా టీ తాగారా అని అడిగింది. ఊరికి ఆ చివర రూవిలో, ఆఫీసులోనే ఉంది. గేటు బయట వినిపించింది పక్కింటివాళ్ల కారు.

నిజం చెబుతున్నాను, మొదట పుట్టిన భయం నా కోసమే. వెనక వీధిలో కడప జైనబీ ఉండేది. చూసుకునే పిల్లాడు మెట్ల మీంచి పడితే, ఏమైంది అని అడిగినవాళ్లు కూడా లేరు, తొందరలోనే ఫ్లయిట్ ఎక్కించేశారు. ఈ అల్ మవాలే పేటలో ఇళ్లల్లో పనిచేసే మా అందరికీ ఆ పిల్ల మొహం కలలోకి వస్తుంది. కానీ గేటు తీసి వీధిలోకి అడుగు పెట్టగానే ఎండ మొహాన కొట్టింది, నా ఉద్యోగం సంగతి ఎగిరిపోయింది. జూన్ నెల. చెప్పుల్లోంచి కూడా కాళ్లు కాలుతున్నాయి. తొంభై దాటిన మనిషి, వినపడదు, ఒక్కోసారి ఏ ఊళ్లో ఉన్నాడో కూడా గుర్తుండదు. పైగా ఉన్ని కోటు. నాలుగు వీధులు దాటితే హైవే. అక్కడ కార్లు మనుషుల కోసం ఆగవు.

వీధి ఖాళీగా ఉంది. ఎటు వెళ్లినట్టు? ఏ పక్క చూసినా ఒకే రకం గోడలు, ఒకే రకం గేట్లు. కుడి వైపు పరిగెత్తాను. అటు వెళ్లాడని నమ్మకం లేక మళ్లీ వెనక్కి వచ్చాను. తాతగారూ అని అరుస్తున్నాను, ఆ అరుపు ఆయనకి చేరదని తెలిసీ.

ఆయన సంగతి చెప్పాలి, లేకపోతే నేను తర్వాత చేసింది పిచ్చి పనిలా ఉంటుంది.

ఆశీర్వాదం తాతగారిది సికిందరాబాదులో లాలాగూడ. వాళ్ల నాన్న రైలింజనులో బొగ్గు వేసేవాడు. మీసాలు రాకముందే ఈయన క్లబ్బు బ్యాండులో చేరాడు. మా ఊళ్లో పెళ్లి బ్యాండు లాంటిది కాదట. కుర్చీల్లో రెండు వరసలుగా కూర్చుని, కోట్లు వేసుకుని, దొరలూ దొరసానులూ డాన్సు చేస్తుంటే వాయించేదట. లోబో మాస్టరని గోవా ఆయన నడిపేవాడు. అమెరికా నుంచి వచ్చిన ప్లేట్లు గ్రామఫోను మీద అరిగిపోయేదాకా వేసుకుని, చెవితోనే పట్టుకుని నేర్చుకున్నారట. దొరలు వెళ్లిపోయారు, క్లబ్బులు మూతపడ్డాయి, బ్యాండు చెదిరిపోయింది. ఒకడు సర్కసులో చేరాడు, ఒకడు తాగి పోయాడు, ఈయన మద్రాసు వెళ్లి సినిమా రికార్డింగుల్లో వెనక వరసలో వాయించాడు. ఆయన గదిలో గోడకి ఆ బ్యాండు ఫోటో ఉంది, ఇప్పుడు అందులో ఉన్నవాళ్లలో బతికున్నది ఈయనొక్కడే. కొడుకు విక్టర్ సారు ఇక్కడికి దూరంగా సొహార్ అనే ఊళ్లో ఇంజనీరు, వారానికోసారి వస్తాడు.

నేను మొదట్లో దాన్ని బాకా అనేదాన్ని. ఆయనకి కోపం నషాళానికి అంటేది. ట్రంపెట్ అను, ట్రంపెట్ అనరాకపోతే నోరు ముయ్యి అనేవాడు. పళ్లు ఊడిపోయి ఆ బాకా ఎలాగూ పలకదు. ట్రంపెట్‌వాడికి ముందు పళ్లే ఆస్తి అంటాడు. అయినా రోజూ సాయంత్రం ఇంట్లో కుర్చీలన్నీ హాల్లో రెండు వరసలు వేయిస్తాడు. అది లోబో మాస్టరిది, అది ఫలానావాడిది అని చూపిస్తాడు. నేను తుడిచి సర్దిన హాలు మళ్లీ సంతలా అవుతుంది. సణుగుతూనే వేసేదాన్ని.

నా కుర్చీ పెద్దులుది. పెద్దులు డప్పు కొట్టే ఇంట్లో పుట్టి, క్లబ్బులో డ్రమ్ములు కొట్టినవాడు. నా చేతికి గరిటె ఇచ్చి బల్ల మీద కొట్టమనేవాడు తాతగారు. నేను మా రామాలయంలో కొట్టినట్టు మొదటి దెబ్బ గట్టిగా కొట్టేదాన్ని. ఆయన తల పట్టుకునేవాడు.

"ఒకటి మీద కొడితే భజన ఐతది మల్లీశ్వరీ. రెండు మీద కొట్టాలె. ఒకటి ఇడిచిపెట్టు, రెండు పట్టుకో. గప్పుడే మనిషి ఊగుతడు."

చెవి మిషనుతో ఆ చప్పుడు గోలలా వినిపిస్తుందని దాన్ని తీసి పక్కన పెట్టి, అరచెయ్యి బల్ల మీద ఆనించేవాడు. చెవి పోయినా చెయ్యి వింటది అనేవాడు. నేను రెండు మీద సరిగ్గా పడితే కళ్లు మూసుకుని వేళ్లు ఆడించేవాడు.

వీధి మధ్యలో నిలబడి ఇవన్నీ తలుచుకోలేదు. నాకు తట్టింది ఒక్కటే, ఆ కోటు. కోటు వేసుకున్నాడంటే షోకి వెళ్తున్నాడు. షో అంటే లైట్లున్న చోటు. చర్చికి వెళ్లేటప్పుడల్లా పెద్ద వీధి చివర పెళ్లిళ్ల హాలు చూసి, ఇయ్యాల గీడ డాన్సు ఉందా అని అడిగేవాడు. అటు పరిగెత్తాను.

హాలు ముందు గేటుకి గొలుసు వేసి ఉంది. ఒక్క పురుగు లేదు. మేడమ్ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, కారులో బయల్దేరాను, దొరికారా అని. వెతుకుతున్నానండీ అని పెట్టేశాను. గొలుసు పట్టుకుని ఊపాను, అదేదో తెరుచుకుంటే ఆయన కనిపిస్తాడన్నట్టు. ఎక్కడో పడిపోయి ఉంటాడు, ఏ గోడ నీడలోనో నోరు తెరుచుకుని పడి ఉంటాడు అని కళ్ల ముందు అదే కనిపిస్తోంది. నేను చంపేశాను అనుకున్నాను. ఒక్క మాట అడగక చంపేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. బ్యాండువాళ్లు ఏనాడూ ముందు గుమ్మం ఎక్కలేదు. ఆయనే చెప్పాడు. క్లబ్బులో కోటు దొరల్లా ఉండాలి గానీ, రావడం పోవడం మాత్రం వంటింటి దారిన. మధ్యలో విరామం ఇస్తే వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని మిగిలింది తినేవాళ్లు. గడియారం ఎవడికీ లేదు. లోపల పెద్దులు డ్రమ్ము మొదలుపెట్టేవాడు, రెండో దెబ్బ మీద. అది వినపడితే నోట్లో ముద్ద నోట్లోనే, పళ్లెం అక్కడే, పరిగెత్తుకొచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్లు. నేను కూడా ఈ దేశంలో ఏ ఇంటికీ ముందు గుమ్మంలోంచి వెళ్లినదాన్ని కాదు. నాకు మొదటే తట్టాల్సింది.

హాలు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను. అక్కడ కాలిబాట తవ్వి ఇనప పలకలు బిగిస్తున్నారు. మొహాలకి గుడ్డలు చుట్టుకున్న లేబర్ మనుషులు. హిందీలో అడగబోయి ఏడుపు రావడంతో తెలుగే వచ్చేసింది. ఒకతను మొహం మీది గుడ్డ లాగి, సుత్తి పట్టుకునే లేచాడు. జగిత్యాల మనిషి, పేరు నర్సింగ్.

"కోటేసుకున్న ముసలాయననా అక్కా? గిప్పుడే వచ్చిండు. వంటింటి తలుపు కొట్టిండు. ఎవ్వల్లేరు తాతా అంటే ఇనవడ్తలే. నీళ్లిస్తే తాగలే. మెయిన్ రోడ్డు దిక్కు వోయిండు."

అలా ఎలా వదిలేశావయ్యా అని అరిచాను, వాడేదో నా జీతగాడైనట్టు. మన ముసలాయనని తెల్వలే, ఫోర్‌మెన్ చూస్తుండె అన్నాడు పాపం. మళ్లీ అటు వైపు చూసి, ఫోర్‌మెన్‌ని మర్చిపోయి నాతో పాటు పరుగందుకున్నాడు. సుత్తి చేతిలోనే ఉండిపోయింది.

సందు చివర హైవే. రోడ్డు పక్కన పొడుగునా ఇనప కంచె, నడుం ఎత్తున. అవతల కార్లు ఒకటే హోరు. కంచె వెంబడి దూరంగా, బాగా దూరంగా, నల్ల కోటు కనిపించింది.

ప్రాణం లేచి వచ్చిందనుకున్నాను. మరుక్షణం పోయింది. ఆయన ట్రంపెట్ పెట్టె కంచె అవతల పెట్టేశాడు. అరచెయ్యి కంచె మీద ఆన్చి, ఒక కాలు పైకెత్తుతున్నాడు. అవతల పక్క, రోడ్డుకి ఆ వైపున, ఏదో పెద్ద షాపు మీద రంగు లైట్లు పగలే వెలుగుతున్నాయి. అటే చూస్తున్నాడు.

"తాతగారండీ!"

నర్సింగ్ కూడా అరిచాడు. లారీ ఒకటి హారను మోగిస్తూ పోయింది. ఆయన తల కూడా తిప్పలేదు. పరిగెత్తితే అందడు. నర్సింగ్ పరిగెత్తుతూనే ఉన్నాడు, కానీ ఆ కాలు అవతల పడేలోపు చేరలేడని నాకు తెలుస్తూనే ఉంది. ఆయాసానికి ఇక అడుగు పడక కంచె పట్టుకున్నాను. చుర్రుమంది. లారీ అదురు ఆ ఇనుములోంచి నా చేతికి తగిలింది.

ఆయన చెయ్యి కూడా ఈ ఇనుము మీదే ఉంది.

నర్సింగూ, ఆ సుత్తి ఇటియ్యి అని అరిచాను. వాడు ఆగకుండానే వెనక్కి విసిరాడు. తీసుకుని కంచె మీద బాదాను. ధన్ ధన్ ధన్ ధన్. భయంతో బాదిన బాదుడు, దానికి లెక్కా పత్రం లేదు. ఆయన కాలు కంచె మీదికి ఎక్కింది. మళ్లీ బాదాను, ఈసారి మా రామాలయంలో లాగా మొదటి దెబ్బ గట్టిగా. ఆయన ఆగలేదు. ఒకటి మీద కొడితే ఎవడు వస్తాడు, భజన అనుకుంటాడు.

చెయ్యి బిగబట్టాను. ఒకటి వదిలేశాను. రెండు కొట్టాను. మూడు వదిలేశాను. నాలుగు కొట్టాను. దెబ్బ తప్పితే మనిషి పోతాడు. వదిలెయ్యి, కొట్టు. వదిలెయ్యి, కొట్టు. నోటితో లెక్కపెడుతున్నాను, ఏడుస్తూ లెక్కపెడుతున్నాను.

ఆయన అలాగే ఉండిపోయాడు, ఒక కాలు కంచె మీద, చెయ్యి ఇనుము మీద. తల వంచి ఆ చేతినే చూసుకున్నాడు. తర్వాత మెల్లగా కాలు దించాడు, ఇవతలికి.

నేను ఆపలేదు. ఆపితే మళ్లీ ఎక్కుతాడేమోనని భయం. కంచె పట్టుకుని, చెయ్యి తియ్యకుండా, నా వైపు నడిచి రావడం మొదలుపెట్టాడు. మధ్యలో నర్సింగ్ చేరి భుజం పట్టుకున్నా పట్టించుకోలేదు. తొందరగా నడుస్తున్నాడు, ఆలస్యమైపోయిన మనిషి నడక అది. నా దగ్గరికి వచ్చాక నా చేతిలో సుత్తిని చూశాడు, నా మొహం చూశాడు.

"పెద్దులేడి?" అన్నాడు.

సుత్తి కింద పడేసి ఆయన్ని పట్టుకున్నాను. కోటు లోపల ఒళ్లు పొయ్యిలా కాలుతోంది. అరచెయ్యి తిప్పి చూస్తే ఎర్రగా కమిలి బొబ్బలెక్కుతోంది, కాలిన ఇనుము మీంచి దాన్ని తియ్యలేదు మరి. నర్సింగ్ పెట్టె తెచ్చి ఇచ్చాడు. తన నీళ్ల సీసా అంతా తాతగారి తల మీద గుమ్మరించాడు. ఫోర్‌మెన్ దూరం నుంచి తిడుతున్నాడు. ఆ మనిషికి దండం పెడదామనుకున్నాను, ఈలోగా సుత్తి తీసుకుని పరిగెత్తాడు.

షీబా మేడమ్ కారు వచ్చాక వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. చెవి మిషను నా కొంగుకి ముడేసి తెచ్చాను, పెట్టాను. మేడమ్ ఆస్పత్రి వైపు తోలుతూ ఏడుస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటుందని ఎదురుచూస్తున్నాను. అన్నా బాగుండేది.

ఏసీ గాలి తగిలాక తాతగారికి కొంచెం తెలివి వచ్చింది. కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నన్ను గుర్తుపట్టాడు.

"గేటు కాడ నిలబడ్డ" అన్నాడు. "కోటేసుకున్న, బయటికొచ్చిన. ఎటు పోవాల్నో యాదికి రాలే. వచ్చేటప్పుడు కిటికీల నిన్ను చూసిన. ఏడికి పోతున్నవ్ అని వచ్చి అడుగుతవేమో అని నిలబడ్డ. అడగకపోతివి."

వెనక నుంచి పిలవకూడదండీ అని చెప్పబోయాను. ఆ మాట నాకే ఎంత దరిద్రంగా వినిపించిందో. ఆయన మంచి చెయ్యి పట్టుకుని, తప్పైపోయిందండీ అని మాత్రం అనగలిగాను.

నన్ను పంపెయ్యలేదు. గేటుకి తాళం వచ్చింది, కోటు బీరువాలోంచి మేడమ్ గదిలోకి వెళ్లింది. నా భయం మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ఇప్పుడు ఆయన కుర్చీలోంచి లేస్తే చాలు, ఉల్లిపాయలు తరుగుతున్నా, ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతున్నా, వెనక నుంచే అరుస్తాను.

"ఎక్కడికండీ తాతగారూ?"

అవతల అమ్మ వింటే నోరు నొక్కుకుంటుంది, అదేం పాడు అలవాటే అంటుంది. బాత్రూముకే పిచ్చిదానా అంటాడు ఆయన. నీళ్లకి అంటాడు, కిటికీ దగ్గరికి అంటాడు. కొన్నిసార్లు మాత్రం జవాబు రాదు. హాలు మధ్యలో నిలబడి నా వైపు చూస్తాడు. గరిటె అందుకుని బల్ల మీద కొడతాను. ఒకటి వదిలేస్తాను, రెండు కొడతాను. ఆయన నెమ్మదిగా వచ్చి, మచ్చ పడ్డ అరచెయ్యి బల్ల మీద ఆనిస్తాడు.

"ఈడికే" అంటాడు.